ఉరుములు లేని మధ్యాహ్నం

నిన్న మా అమ్మాయిని ఈత క్లాసులో దింపినప్పుడు, క్లోరిన్ వాసనకి, చిన్నప్పుడు మేమున్న పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ల పూల్ గుర్తొచ్చింది. అప్పుడు నేను సెకండ్ గ్రేడ్‌లో ఉన్నాను.

ఆ మధ్యాహ్నం పూల్ నిండా తెలుగు పిల్లలమే. ఇంతలో మా క్లాసులో చదివే జాస్మిన్ వాళ్ళమ్మతో వచ్చి నీళ్ళలోకి దిగింది. వాళ్ళు మా కాంప్లెక్స్‌కి కొత్తగా వచ్చిన నల్లజాతి కుటుంబం. గట్టుమీద కూర్చున్న ఆంటీల మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఒక్కొక్కరే తమ పిల్లల్ని పైకి పిలవసాగారు.

"బయటికి రా నాన్నా, థండర్ వస్తోంది," అంది అమ్మ గొంతు తగ్గించి.

నేను నమ్మేసి బయటికొచ్చాను. ఉరిమితే నీళ్ళలో ఉండకూడదని స్కూల్లో చెప్పారు. జాస్మిన్‌కి ఏమవుతుందోనన్న భయంతో ఇంగ్లీషులో అరిచాను.

"జాస్మిన్, తొందరగా బయటికి రా! పిడుగు పడుతుంది!"

వాళ్ళమ్మ ఆకాశంకేసి చూసింది. ఎక్కడా మబ్బు లేదు. తర్వాత టవళ్ళు చుట్టుకుంటున్న మావాళ్ళకేసి చూసింది. "నువ్వు ఆడుకో బేబీ," అంది కూతురితో, మా మీంచి చూపు తిప్పకుండానే.

"అమ్మా, మరి వాళ్ళకి థండర్ రాదా?" అన్నాను.

అమ్మ వెళ్తున్న ఆంటీలకేసి చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. విడిపించుకుని మళ్ళీ నీళ్ళలోకి దూకాను. అమ్మ నన్ను వెనక్కి పిలవలేదు. గేటు దాటుతున్న ఆంటీలు తిరిగి తిరిగి చూస్తుంటే, నా టవల్ గుండెకి హత్తుకుని ఒక్కతే నిలబడిపోయింది. అమ్మ భయపడింది ఆ ఆంటీల చూపులకేనని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.