రేపటి తేదీ వేసిన రసీదు

ఆ రసీదు రాసింది నేనే. బహ్రెయిన్‌లో, నయీమ్ పేటలోని ఒక చాయ్ దుకాణంలో, గురువారం మధ్యాహ్నం, చక్కెర పలుకులు అంటిన ప్లాస్టిక్ బల్ల మీద రాశాను. జగిత్యాల వైపు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన, తన మండలం వాడే అయిన ఒక డ్రైవరు దగ్గర ఊరి పక్కన రెండు గుంటల జాగ కొన్నాడు. బయానా ఊళ్లోనే ముట్టింది. మిగతా సొమ్ము ఆ బల్ల మీద, నా కళ్ల ముందు, దీనార్లలో ఇచ్చేశాడు. డ్రైవరు ఆ సాయంత్రం విమానానికి దేశం వెళ్లిపోతున్నాడు. వెళ్లగానే రిజిస్ట్రేషన్ చేయిస్తానన్నాడు.

"సార్ పేపర్ల పని జేసిండు. సారే రాస్తడు" అని మేస్త్రీ కాగితం నా ముందుకు జరిపాడు. రాశాను. డ్రైవరు సంతకం చేశాడు. 'రాసినవారు' అన్నచోట నేను సంతకం చేసి, కింద తేదీ వేశాను.

రిజిస్ట్రేషన్ జరగలేదు. మిగతా సొమ్ము తనకు అందనే లేదన్నాడు డ్రైవరు. మేస్త్రీ తమ్ముడి ద్వారా ఊళ్లో దావా వేశాడు. కొన్నేళ్లు నడిచి, తీర్పు ఒక శుక్రవారం ఆయన ఫోన్‌లోకి వచ్చింది. అది పట్టుకుని మహూజ్‌లోని నా గదికి వచ్చాడు. నేను చదువుతూ తెలుగులో చెబుతున్నాను. రసీదు మీద శుక్రవారం తేదీ ఉందని, గురువారమే డ్రైవరు బహ్రెయిన్ దాటినట్టు పాస్‌పోర్టు ముద్ర చెబుతోందని, కాబట్టి ఆ కాగితం తర్వాత పుట్టించినదని న్యాయమూర్తి రాశారు. దావా కొట్టేశారు.

ఆ శుక్రవారం తేదీ వేసింది నా చేయే.

ఇరవై రెండేళ్లు దినపత్రిక డెస్కు మీద పనిచేశాను. సాయంత్రం కూర్చుంటే పేజీ నెత్తిన వేసేది రేపటి తేదీ. మేం ఏం రాసినా అది రేపటి పాఠకుడికే. ఆ అలవాటు చేతిలో ఉండిపోయింది. రెండుసార్లు బ్యాంకు చెక్కులు వెనక్కి వచ్చాక వాటి మీద తేదీ మా ఆవిడే వేసేది. ఇక్కడ ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి వచ్చాక ఆ సంగతే మరిచిపోయాను.

"ఏమైంది సార్, ఆగిన్రు?"

కళ్లు బాగోలేవు, రేపు చదువుతానని పంపేశాను. దొంగ పత్రం అని కోర్టు అన్న కాగితం మీద నా చేతిరాత ఉంది. ఆ మాట నా మీదికి రావడానికి ఎంతోసేపు పట్టదు. ఒక రోజంతా తలుపు గడియ వేసుకుని కూర్చున్నాను. మర్నాడు నేనే నయీమ్ వెళ్లి చెప్పాను.

మేస్త్రీ చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. "నేను గుడ జూడలే సార్. మీరు రాసిన్రంటే ఇంక జూసుడేంది అనుకున్న."

తిట్టి ఉంటే బాగుండేది. పదకొండేళ్ల సంపాదన ఆయనది. ఎండాకాలం సఖీర్ వైపు సైట్లలో ఇటుక మీద ఇటుక పేర్చిన డబ్బు.

ఊరి వకీలు ఫోన్‌లో నిదానంగా చెప్పాడు. "రివ్యూ వేద్దాం. అంటే ఆ జడ్జిగారే తన తీర్పును మళ్లీ చూడాలి. అంత తేలిగ్గా ఒప్పుకోరు. తేదీ పొరపాటున పడిందని, తీర్పు వచ్చేదాకా ఆ సంగతి మనకే తెలియదని మీరు ప్రమాణపత్రం ఇవ్వాలి. ఇచ్చాక అవతలివాళ్లు మిమ్మల్ని వదలరు. ఆలోచించుకోండి."

సోమవారం ఎంబసీకి వెళ్లి అధికారి ముందు సంతకం చేశాను. ముద్ర పడింది. బయటికొచ్చి, చేయవలసింది చేశానన్న ధైర్యంతో ఒక నిమ్మరసం తాగాను.

రెండు వారాలకు వకీలు నుంచి ఫోన్. "సార్, అఫిడవిట్‌లో మీ సంతకం కింద ఏ తేదీ వేశారో గుర్తుందా?"

గుర్తులేదు.

"ముద్ర సోమవారంది. మీ చేతిరాత మంగళవారం అంటోంది. ఇది కూడా దొంగదే అని వాళ్లు అభ్యంతరం వేశారు."

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో సరిగా చెప్పలేను. ప్రెస్సులో ప్రతి ప్రూఫు మీదా తేదీ మూడుసార్లు సరిచూసేవాణ్ని. తెలియని నంబరు నుంచి ఫోన్ మోగితే ఎత్తకుండా బల్ల మీద బోర్లా పెట్టేవాణ్ని. మేస్త్రీయే నాకు ధైర్యం చెప్పడానికి వచ్చేవాడు.

"ఏంగాదు సార్. జైల్ల ఏస్తె ఇద్దరం ఒక్క రూమే అడుగుదం. మీరు పేపర్ సదువుర్రి, నేను కూలిన గోడ గడ్త."

"నవ్వులాటగా ఉందా తమ్మీ?"

"ఏడ్సుడు అయిపోయింది సార్. మిగిలింది గిదే."

విచారణ రోజు ఎంబసీ గదిలో, ఊరి కోర్టు వీడియోలో కనిపించే తెర ముందు కూర్చున్నాను. అవతలి వకీలు లేచాడు. "ఈయన ఎప్పుడు ఏ తేదీ కావాలంటే ఆ తేదీ వేస్తారు మేడమ్. రెండు కాగితాలూ అదే చెబుతున్నాయి."

న్యాయమూర్తి నా ప్రమాణపత్రాన్ని దీపం దగ్గరికి తీసుకున్నారు. "అధికారి ముద్ర పడింది సోమవారం. సంతకం ఆయన ముందే చేశారా?"

"అవునండీ."

"మంగళవారం అని రాసి మీరేం లాభపడాలనుకున్నారు?"

"లాభం ఏమీ లేదండీ. రాసినట్టు నాకు తెలియదు."

ఆమె మళ్లీ రసీదు తీశారు. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. అధికారి ముద్రను కాదనలేమని, ఈ మనిషి చేయి ఒక రోజు ముందు నడుస్తుందనడానికి కొత్త ఆధారం దొరికిందని ఆమె చెబుతుంటే, ఆ మాటలు నా గురించేనని కాసేపటి దాకా అర్థం కాలేదు. పాత తీర్పు పక్కన పెట్టారు. రసీదు విషయం మళ్లీ వింటామన్నారు. దాన్ని రాసిన మనిషి వచ్చి కోర్టులో నిలబడాలి. అవతలి వకీలు అడిగినన్ని ప్రశ్నలకు జవాబివ్వాలి.

జాగ ఇంకా మేస్త్రీది కాలేదు. నా భయం కూడా తీరలేదు. దానికీ వాయిదా రోజు దాకా గడువు పెరిగింది, అంతే.

మూడు రోజుల తర్వాత, ఊరి కోర్టుకు వెళ్లడానికి సెలవు దరఖాస్తు నింపుతుంటే మేస్త్రీ పక్కనే కూర్చున్నాడు. సంతకం చేశాక, సిమెంటుతో పగిలిన బొటనవేలు తేదీ గడి మీద పెట్టాడు.

"ఆగుండ్రి. ఇయ్యాల ఏ వారం?"

"ఆదివారం."

"నోటితోని గాదు సార్. ఫోన్ జూసి జెప్పుండ్రి."

చూశాను. ఆదివారమే. వేలు తీయమని చెప్పబోయి, మరోసారి చూశాను.