మాష్టారి బొంబాయి, నా డ్రమ్ముల చప్పుడు

మంగళవారం ఆఫీస్‌లో ఉండగా మాష్టారి కూతురు ఫోన్ చేసింది. ఆయన పోయారట. తొంభై నాలుగేళ్లు. దుఃఖం రావాలి కదా, ముందు నాకు కోపం వచ్చింది. బొంబాయి కథ చెప్పీ చెప్పకుండా వెళ్లిపోయారు.

అమెరికాలో, ఈ షామ్‌బర్గ్ ఊళ్లో మా పక్కింటి నల్లజాతి పెద్దాయన. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే ఓడెక్కి వెళ్లి, బొంబాయి హోటల్లో జాజ్ బ్యాండ్‌కి డ్రమ్ములు వాయించారు. మా తెలుగు చర్చిలో నేను వాయిస్తానని తెలిసి, ఒక ఆదివారం పిలవకుండానే వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. మర్నాడు తలుపు తట్టి, "నీ దెబ్బలకి మీ పాస్టరు ప్రార్థన పైకప్పు కూడా దాటదు" అన్నారు. అలా మొదలయ్యాయి ఆయన బేస్‌మెంట్‌లో మా శనివారం పాఠాలు.

ఆయన జీవితం ఎవరూ రాసి పెట్టలేదు. నేను రాద్దామని రికార్డర్ కొన్నాను. ఊరికే చెప్పమంటే చెప్పరు. "వాయించు, చెబుతా" అనేవారు. నేను వాయిస్తుంటే ఎదురుగా కుర్చీలో వాలి ఏదో మొదలుపెట్టేవారు. సముద్రపు చెమ్మకి డ్రమ్ము తోలు సాగిపోతే హోటల్ వంటింట్లో పొయ్యి దగ్గర కాచుకోవడం లాంటివి రెండు మూడు ముక్కలు చెవిన పడేవి. మిగతాది డ్రమ్ము పక్కన స్టూలు మీదున్న రికార్డర్ చూసుకుంటుందిలే అనుకున్నాను. అంతలో చెయ్యెత్తి, బొంబాయిలో నేర్చిన ఒకే ఒక్క హిందీ మాట అనేవారు: "ధీరే!" మెల్లగా అని.

నాలుగేళ్లు విన్నానండీ ఆ మాట. కర్రలు లాక్కుని, మెత్తగా మోగే తీగల బ్రష్షులు చేతికిచ్చారు. "కనీసం ఆ ఓడ పేరైనా చెప్పండి మాష్టారూ" అంటే "ముందు చప్పుడు తగ్గించు" అనేవారు. విసుగెత్తి రెండుసార్లు మానేశాను. రెండుసార్లూ ఆయనే వచ్చి తలుపు తట్టారు.

అంత్యక్రియలయ్యాక మా ఆవిడ, "ఇకనైనా ఆ రికార్డింగులు వినండి, రాస్తానన్నారుగా" అంది. తీరిగ్గా విందామని అప్పటిదాకా ఒక్కటీ వినలేదు నేను. విన్నాను. అంతా నేనే. ఢమఢమ. వెనకెక్కడో ఆయన గొంతు గొణుగుతోంది, ఒక్క ముక్క అర్థం కాదు. "ధీరే!" ఒక్కటే స్పష్టంగా ఉంది.

"ఆయన నాలుగేళ్లూ అదే చెప్పారు కదండీ" అంది మా ఆవిడ. నా మీద నాకే అసహ్యం వేసింది.

చివరి రికార్డింగులో మాత్రం నా బ్రష్షులు బియ్యం చెరిగినట్టు మెత్తగా ఉన్నాయి. వాటి మీదుగా ఆయన: "ఓడ దిగిన రోజు వాన. కోటు విప్పి డ్రమ్ముకి కప్పాను." ఆ తర్వాత, "ఆఁ, ఇప్పుడు మాట వినిపిస్తోంది. వచ్చే శనివారం ఇలాగే వాయించు, మొదట్నుంచి చెబుతా."

శనివారం ఆయన కూతుర్ని అడిగి బేస్‌మెంట్‌లోకి దిగాను. అలాగే వాయించాను. ఈసారి రికార్డర్ ఆయన కుర్చీలో పెట్టాను.