బోయిగూడ ఇంటి కాగితం

పాత ఇంటి కాగితాలు ఎలా వెతకాలో చెప్పమని ఇప్పటికీ నా దగ్గరికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. సికింద్రాబాద్ కార్ఖానా పేటలో మా ఇంటి వరండాలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఓపికగా చెబుతాను. రిజిస్ట్రేషన్ కచేరీలో రెండు రకాల సూచికలుంటాయి. ఒకదాంట్లో మనుషుల పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి. రెండోదాంట్లో పేటలవారీగా ఇళ్ళుంటాయి. ముందు పేరుతో వెతకండి, తర్వాత జాగాతో వెతకండి, రెండూ చూడనిదే లేదని నమ్మకండి. ఏ ఏడాది కొన్నారో తెలియకపోతే ముందు అయిదేళ్ళు, వెనక అయిదేళ్ళు తిరగెయ్యండి. అన్నీ అయ్యాక చివర్లో ఒక మాటంటాను, "ఇంట్లో ఆడవాళ్ళ పేర్లన్నీ రాసుకుని వెళ్ళండి. పోయినవాళ్ళవి కూడా." ఎందుకని ఎవరూ అడగరు. అడిగితే ఏం చెబుతానో నాకూ తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది నాకు ఇరవై రెండేళ్ళు. మాది గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. నాన్న తిరుమలగిరిలో బడిపంతులు. ఇంట్లో ప్రార్థన తెలుగులో, బడిలో పాఠం ఇంగ్లీషులో, వీధిలో కబుర్లు ఉర్దూలో సాగేవి. ఆ మూడింటి పుణ్యమా అని నాకు కచేరీలో గుమస్తా పని దొరికింది. సికింద్రాబాద్ ఇంగ్లీషు దొరల చేతిలో ఉన్నన్నాళ్ళూ దస్తావేజులు ఇంగ్లీషులో రాశారు. నిజాం సర్కారు చేతికి వచ్చాక ఉర్దూలో రాశారు, పాత సూచికలను కూడా ఉర్దూలోకి దించారు. రెండూ తడుముకోకుండా చదవగలిగిన వాళ్ళం అక్కడ ఇద్దరమే, పెద్ద గుమస్తా, నేను.

పెద్ద గుమస్తా అరవైకి దగ్గరపడ్డ ముస్లిం పెద్దమనిషి. నాకు పని నేర్పింది ఆయనే. "మియా, పేరు చూసినవ్, జాగా చూడలే. గిట్ల సంతకం జేస్తే ఎవరి కొంపనో మునుగుతది" అని నా చేతిలో కలం లాక్కునేవారు. పరదా పాటించే స్త్రీ ఎవరైనా కాగితం కోసం వస్తే ఆయన తలెత్తి చూసేవారు కాదు. కచేరీలో నీళ్ళు పోసే ముసలామె ఒకామె ఉండేది. ఆమె వెళ్ళి బురఖా దగ్గర చెవి పెట్టి పేరు కనుక్కుని, వచ్చి ఆయన చెవిలో వేసేది. పరాయి మగవాడు అలాంటి స్త్రీని నీ పేరేమిటని అడగడం మర్యాద కాదు. అలాగని పేరు తెలియకుండా పుస్తకం తెరిస్తే పని జరగదు. ఆ రెండింటికీ ఆయన కనిపెట్టిన ఉపాయం ఆ ముసలామె.

మిలిటరీ వచ్చాక కొన్నాళ్ళు కచేరీ తలుపులు మూశారు. తెరిచేసరికి పెద్ద గుమస్తా లేరు. సెలవు పెట్టారని ఒకరు, భయపడి ఇల్లు కదలడం లేదని ఒకరు అన్నారు. నీళ్ళు పోసే ముసలామె కూడా కనబడలేదు. కొత్త అధికారి వస్తాడట, పాతవాళ్ళలో ఎవరిని ఉంచుతారో ఎవరిని పంపిస్తారో తెలియదట అని రోజూ గుసగుసలు. నాది ఇంకా ఖాయం కాని ఉద్యోగం. భయం ఉండేది. అయితే నిజం చెప్పాలి కదా, పెద్దాయన కుర్చీలో కూర్చోవడం నాకు భలే నచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బురఖా వేసుకున్న ఒకావిడ వచ్చింది. వెంట ఆమె పక్కింటాయన ఉన్నాడు. బోయిగూడలో బట్టలు కుట్టుకునే దర్జీ, పెద్దవాడు. గేటు బయట అర్జీలు రాసే మనిషి చేత రాయించిన కాగితం నా ముందు పెట్టాడు. దాని మీద ఫలానా ఆయన భార్య అని ఉందే తప్ప ఆమె పేరు లేదు.

"సాబ్, ఈ బీబీ మొగడు పని మీద జిల్లాకు పోయిండు. గడ్‌బడ్‌ల మళ్ళ రాలే. ఇంటి కాగితం సుత ఆయన పెట్టెలనే పోయింది. ఇప్పుడు మొగని తమ్ముడు వచ్చి, ఇల్లు మా నాయినది, నువ్వు బయటికి నడువు అంటుండు. మీ పుస్తకాలల్ల ఉంటే నకలు రాసియ్యుండ్రి. లేకుంటే ఈమెకు నిలువ నీడ లేదు" అన్నాడు దర్జీ.

ఆమె ముసుగు వెనకనుంచి మెల్లగా అంది, "జెర మంచిగ చూడు బేటా. ఆయన ఎప్పుడూ అంటుండె, ఈ మకాన్ నీదే, నిన్ను ఎవ్వరూ ఎల్లగొట్టలేరని."

నాకు లోపల నవ్వొచ్చింది. ఏ మొగుడు అనడు ఆ మాట? మా నాన్న కూడా మా అమ్మతో రోజూ అనేవాడు ఈ ఇంటికి మహారాణివి నువ్వేనని, ఉన్నది అద్దె ఇల్లయినా.

పేరు అడగాలని తోచలేదా అంటే, తోచింది. నోరు రాలేదు. మర్యాద అనుకున్నాను. దర్జీని, ఆమెనడిగి చెప్పవయ్యా అంటే సరిపోయేది. అంత చిన్న సంగతికి పెద్దాయన లేకుండా నాకు ఉపాయం తట్టలేదు. ఇల్లు మొగుడిదే అయ్యుంటుంది కాబట్టి మొగుడి పేరుతో వెతికితే చాలనుకున్నాను. ఉర్దూ సూచికలన్నీ తీశాను. నెలల తరబడి దులపని దుమ్ము, ఒకటే తుమ్ములు. ఆ పేరుగలవాళ్ళు నలుగురు దొరికారు గానీ ఒక్కరిదీ బోయిగూడ కాదు.

ఇక పేటల సూచిక చూడాలి. అది అటక మీదుంది. నిచ్చెనకు ఒక మెట్టు విరిగింది. బోయిగూడ అంటే ఇల్లు మీద ఇల్లు, చూడాలంటే సాయంత్రం దాకా పడుతుంది. ఆ సాయంత్రం చర్చిలో కోత పండుగ పాటల రిహార్సలు, అందులో ఒక చరణం నేనొక్కణ్ణే పాడాలి. గడియారం వైపు చూశాను. "లేదమ్మా, అన్నీ చూశాను" అన్నాను. ఈ ఇంటికి సంబంధించిన దస్తావేజు ఏదీ మా పుస్తకాల్లో లేదని అందమైన అక్షరాలతో రాసి, ఇంకా బదిలీ కాని పాత అధికారి చేత సంతకం పెట్టించి, ముద్ర వేసి ఇచ్చాను. ఆమె రెండు చేతులా తీసుకుంది.

"తక్లీఫ్ ఇచ్చిన బేటా" అంది.

నేను రిహార్సలుకి వేళకు చేరుకున్నాను. బాగా పాడానని అందరూ మెచ్చుకున్నారు.

కొత్త అధికారి వచ్చాడు. ఉర్దూ సూచికలన్నీ ఇంగ్లీషులోకి దించమన్నాడు. నెల తిరగకుండా బోయిగూడ పుస్తకం నా బల్ల మీదికి వచ్చింది. నాలుగో పేజీలోనే ఆ ఇల్లు ఉంది. అమ్మినవాడు ఎవరో వ్యాపారి. కొన్నది ఆమె. ఆమె పేరు పూర్తిగా, దాని కింద ఫలానా ఆయన భార్య అని, పక్కన చిన్న అక్షరాలతో, పెళ్ళినాడు భార్యకు ఇస్తానని ఒప్పుకున్న మెహరు సొమ్ముకు బదులుగా భర్త ఈ ఇల్లు ఆమె పేర కొన్నాడని ఉంది. ఆయన ఆమెకు చెప్పింది ముద్దు మాట కాదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె పేరు ఉర్దూలో మొదటి అక్షరమైన అలిఫ్‌తో మొదలవుతుంది. పేర్ల సూచికలో చూసినా మొదటి పేజీలోనే దొరికేది.

వెంటనే లేచి అధికారి గదిలోకి వెళ్ళాల్సింది. వెళితే ఆ అబద్ధపు కాగితం ఎవరు రాశారని అడుగుతాడు. నాన్నకు చూపు మందగిస్తోంది, ఇంక ఎన్నాళ్ళు బడికి వెళ్ళగలడో తెలియదు. సోమవారం చెబుదాం అనుకున్నాను. సోమవారం అధికారి చిరాకుగా ఉన్నాడు. మంగళవారం నాకు తలనొప్పి. మరిదితో ఆమె ఈపాటికి ఏదో సర్దుబాటు చేసుకునే ఉంటుంది, నేను వెళ్ళి కదిపితే కొత్త గొడవ అని బుధవారం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సాకులు వెతకడంలో మాత్రం నేను ఏనాడూ అలసిపోలేదు.

మరుసటి వారం మరిది వచ్చాడు. ఇల్లు కొనేవాణ్ణి వెంటబెట్టుకుని, అమ్మకం దస్తావేజు రాయించుకుని వచ్చాడు. దానికి గుండుసూదితో గుచ్చి నా కాగితం ఉంది. అది ఆమె దాచుకోలేదు. కచేరీలో లేదన్నారని నిజాయితీగా తెచ్చి అతని చేతిలోనే పెట్టిందట. అధికారి ఆ కాగితం చూసి, నా వైపు తిరిగి అడిగాడు.

"ఈ ఇంటి మీద పాత దస్తావేజు ఏదీ లేదు కదా? నువ్వే చూశావా?"

బోయిగూడ పుస్తకం నా మోచేతి కిందే ఉంది.

"చూశాను సార్. లేదు" అన్నాను.

మొదటిసారి లేదన్నది బద్ధకంతో. ఈసారి తెలిసే అన్నాను. ఈ రెండోదానికి ఇన్నేళ్ళలో నాకు ఒక్క సాకూ దొరకలేదు. అమ్మకం దస్తావేజును పుస్తకంలోకి ఎక్కించే పని కూడా నాదే. ఎక్కించాను. ఒక్క కొట్టివేత లేకుండా, గుండ్రటి అక్షరాలతో.

తర్వాత రెండు ఆదివారాలు చర్చిలో తల ఎత్తలేకపోయాను. మూడో ఆదివారం ఆరాధన అయ్యాక బోయిగూడ వెళ్ళాను. ఏం చెప్పాలనుకున్నానో తెలియదు. కాళ్ళు పట్టుకుందామనుకున్నానేమో. ఆ ఇంటికి సున్నం వేస్తున్నారు. పక్కింటి అరుగు మీద దర్జీ మిషను తొక్కుతూ నన్ను గుర్తుపట్టాడు.

"ఆఫీసు బాబువు గదా! బీబీ కోసమా? ఆమె పోయి నాలుగొద్దులాయె. అక్క కాడికి పోతున్న అన్నది. ఆ ఊరేందో నాకు చెప్పలే."

ఆమె పేరు నీకు తెలుసా అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"పదిహేనేండ్ల సంది పక్కపక్కన ఉన్నం. బీబీ అని పిలుస్తుంటిమి. పరదా ఉన్న ఆడమనిషిని పేరెట్ల అడుగుతం బాబూ?" అన్నాడు.

మొగుడు లేడు. మరిది పలకడు. ఇక ఆ పేటలో ఆమె పేరు తెలిసినవాణ్ణి నేనే. చెప్పడానికి అప్పుడూ నోరు రాలేదు. మళ్ళీ కచేరీకి వెళ్ళి ఆ పేజీ తెరిచి చూపించినా అమ్మకం చెల్లకుండా చేసి ఉండవచ్చు. ఆ పని కూడా చేయలేదు. లేచి రాబోతుంటే దర్జీ దారం తెంపుతూ అన్నాడు.

"పోయేటప్పుడు నీ మాటనే చెప్పింది. ఆ పిలగాడు పాపం దుమ్ముల తుమ్ముకుంట తుమ్ముకుంట ఎంత సేపు వెతికిండో, ఉంటే ఇయ్యకపోవునా, నా నసీబ్‌ల లేదు. ఆ బిడ్డ సల్లగుండాలె, ఆని నౌకరి నిలవాలె అన్నది."

ఆమె దీవెన ఫలించింది. ఏడాది తిరగకుండా నా ఉద్యోగం ఖాయమైంది. పెద్ద గుమస్తానై, అదే కుర్చీలో ముప్పై ఏళ్ళు కూర్చుని రిటైరయ్యాను. ఈ వరండా, ఈ ఇల్లు ఆ ఉద్యోగంతో కట్టుకున్నవే. ఇప్పటికీ చల్లగానే ఉన్నాను.