సంతకం ఉన్న తెలుగు పేజీ

2003 జూన్‌లో, గాజువాక దగ్గరి ఒక కర్మాగారంలో సిస్టమ్స్ విభాగానికి సీనియర్ మేనేజర్‌గా ఉన్న నాకు, కంపెనీ వెబ్‌సైటును ఇంగ్లీషులోనూ తెలుగులోనూ తయారుచేసే పని అప్పగించారు. కాంట్రాక్టు కార్మికుల నోటీసులు అందులో అందరికీ కనిపించాలన్నది ఉద్దేశం. సైటు రెండు నెలల్లో తయారైంది. ఆ తర్వాత మొదలైంది అసలు తలనొప్పి.

ఆ రోజుల్లో చాలా కంప్యూటర్లలో తెలుగు ఫాంటు ఉండేది కాదు. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపించేవి. అందుకని తెలుగు నోటీసును టైపు చేయించి, ప్రింటు తీసి, ఆ కాగితాన్ని స్కాన్ చేసి బొమ్మగా సైటులో పెట్టేవాళ్ళం. అంతవరకూ బాగానే ఉంది. కాగితం కనబడేసరికి సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనెల్ విభాగం డి.జి.ఎం. గారికి సంతకం గుర్తొచ్చింది. కార్మికులు చదివేది తెలుగే కాబట్టి తన సంతకం, ముద్ర లేకుండా అది వెళ్ళకూడదని ఆర్డరు వేశారు. ఇంగ్లీషుకు మాత్రం ఈ-మెయిల్లో ‘ఓకే’ చాలు. ఇంగ్లీషు పేజీ పది నిమిషాల్లో మారేది. తెలుగుది ఆయన టేబుల్ మీద నాలుగేసి రోజులు పడి ఉండేది. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేగా!

మరుసటి ఏడాది, క్రేన్ ఆపరేటర్ల గేట్ పాస్ రెన్యువల్‌కు పరీక్ష ఇరవయ్యో తేదీన అని నోటీసు పెట్టాం. అది నెగ్గితేనే గేటు దాటనిస్తారు. తర్వాత పరీక్షను పన్నెండో తేదీకి ముందుకు జరిపారు. ఇంగ్లీషు పేజీ వెంటనే మార్చాం. డి.జి.ఎం. గారు కలకత్తా టూరులో ఉండటంతో తెలుగు ఫైలు ఆగిపోయింది. పోనీ పాత నోటీసునైనా తీసేస్తానని ఫోన్ చేశాను. సంతకమైన నోటీసును తీయడానికీ సంతకం కావాలన్నారు. తిరిగొచ్చాక, పన్నెండో తేదీ దాటిపోయిందని రాసి ఫైలును వెనక్కి పంపారు. పాత నోటీసు సైటులోనే ఉండిపోయింది.

ఇరవయ్యో తేదీ పొద్దున్నే సెక్యూరిటీ వాళ్ళు అప్పలనాయుడు అనే క్రేన్ ఆపరేటర్ను నా గదికి తీసుకొచ్చారు. డ్యూటీలో ఉన్నవాళ్ళకు కొత్త తేదీ నోటిమాటగా తెలిసింది; ఇతను సెలవు మీద ఊళ్ళో లేని మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నేరుగా పరీక్షకు వచ్చాడు. పాస్ గడువు ముగిసింది. అతని స్థానంలో వేరే మనిషిని పెట్టడానికి కాంట్రాక్టరు సిద్ధంగా ఉన్నాడు.

“నానేటి తప్పు సేసేనండీ మేడం? మీ నెట్‌లో సూసే వొచ్చేను. పదేళ్ళ నుంచి ఆ క్రేనే తోలతన్నాను. ఇప్పుడు ఇంటికెళ్ళి ఏటి సెప్పమంతారు?” అంటూ ముందురోజు సాయంత్రం ఊరి నుంచి దిగగానే గాజువాక నెట్ సెంటర్లో తీయించిన ప్రింటు నా బల్ల మీద పెట్టాడు.

నాకు సిగ్గేసింది. అంతకు మించి ఒళ్ళు మండింది. అతన్ని వెంటబెట్టుకుని డి.జి.ఎం. గారి గదికి వెళ్ళాను. ఇంగ్లీషు పేజీలో సరైన తేదీ ఉంది కదా, చూసుకోవలసింది అన్నారాయన. ఆ ప్రింటు ఆయన ముందు పెట్టాను. ఇంగ్లీషు పేజీ మీద ఎవరి సంతకమూ లేదని, ఇరవయ్యో తేదీ కింద మాత్రం ఆయన సంతకం, ముద్ర ఉన్నాయని, కంపెనీ మాట ఏదో ఆయనే తేల్చాలని చెప్పాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఫోన్ అందుకున్నారు. మధ్యాహ్నమే ప్రత్యేక పరీక్ష పెట్టించారు. అప్పలనాయుడు నెగ్గాడు.

సాయంత్రం డి.జి.ఎం. గారు నన్ను పిలిచి, సైటులో ఎక్కడా తన సంతకం కనిపించకూడదన్నారు. ఆలస్యం గురించి ఒక్క ముక్క లేదు. సంతకాలు తీసేశాను; తెలుగు కాగితం ముందుగా ఆయన చూసి పంపాలన్న ఆర్డరు మాత్రం అలాగే ఉంది. దాంతోపాటు, తెలుగు నోటీసు సిద్ధం కానిదే ఇంగ్లీషుది కూడా మారకుండా సైటులో ఏర్పాటు చేశాను. వారం తిరక్కుండానే హెడ్డాఫీసు పంపిన ఇంగ్లీషు నోటీసు ఒకటి ఆగింది. పైనుంచి ఫోన్లు మోగాయి. పావుగంటలో తెలుగు కాగితం పట్టుకుని డి.జి.ఎం. గారే స్వయంగా నా గదికి వచ్చారు.

నేను రిటైరయ్యేదాకా తెలుగు నోటీసు మళ్ళీ ఆలస్యం కాలేదు. రెండు భాషల సైటు గురించి నేను నేర్చుకున్నది ఇంతే: కార్మికుడు చదివే పేజీ ఆగితే, అధికారి చదివే పేజీ కూడా ఆగాలి.