పలకని జీడి మిషన్

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా పిన్ని పలాసలో జీడి షెడ్డుకే వెళ్తోంది. అక్కడ ఒక పద్ధతుంది. గింజలు కోసే మనిషిని లేపాలంటే ఎవరూ చెయ్యి పట్టి లాగరు. కత్తి కింద వేళ్లుంటాయి. దూరంనుంచి పిలుస్తారు. ఆమె చేతిలో గింజ కోసి, పప్పు పళ్లెంలో వేసి, తలెత్తి పలుకుతుంది. అప్పుడే దగ్గరికి వెళ్తారు.

నేను ప్రోగ్రాములు రాస్తాను. షెడ్డుకి కొత్తగా తెచ్చిన కటింగ్ మిషన్‌కి ప్రోగ్రాం నా చేతే రాయించారు. గింజ వచ్చిందని సెన్సర్ చెప్పగానే కత్తి దింపే పని అందులో ఒక థ్రెడ్‌ది. థ్రెడ్ అంటే ప్రోగ్రాం లోపల ఒకే పని మీద ఉండే పనిమనిషి లాంటిది. ఒకప్పుడు థ్రెడ్‌ని పని మధ్యలోనే చంపేసేవాళ్లు. చేస్తున్నదంతా సగంలో చెడిపోయేది. ఇప్పుడు ఆగమని అడుగుతాం, అంతే. అది ఆ కబురు చూసుకుని, చేతిలో పని ముగించి, తనే ఆగుతుంది. అచ్చం పిన్నివాళ్ల పద్ధతే. ఒక్కో గింజ కోశాక కబురేమైనా ఉందా అని చూసుకునేలా రాసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక మధ్యాహ్నం గింజలు అయిపోయాయి. కత్తి పైకి లేచి నిలబడింది. నేను ఆపు మీట నొక్కాను. తెరమీద ‘ఆగమని చెప్పాం’ అని పడింది. పిన్ని కత్తి కింద పేరుకున్న తొక్కలు తియ్యబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

“పిలిసేవు గానీ, అది పలకలేదు కదరా.”

“మనిషేటి పిన్నీ, పలకడానికి? ఆగిపోనాది. సెయ్యి పెట్టు.”

“సదువుకున్నోడివి. నువ్వు సెప్తే సరేలే.”

షెడ్డంతా నిశ్శబ్దంగా ఉంది, మిషన్ లోపల మాత్రం సన్నటి గుంయ్‌మనే మోత. ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు అనిపించింది. ఉండు పిన్నీ అందామనుకున్నాను. అనలేదు.

తొక్కల్లో ఇరుక్కున్న ఒకే ఒక్క గింజ ఆమె వేలు తగిలి సెన్సర్ ముందుకి జారింది. కత్తి దిగింది, మళ్లీ లేచింది. అప్పుడు తెరమీద ‘ఆగింది’ అని పడింది.

గింజ కోసం ఎదురుచూసే థ్రెడ్‌కి పిలుపు వినబడే దారే నేను పెట్టలేదు. ఇంకో గింజ కోస్తేగాని అది కబురు చూసుకోదు. అంతసేపూ అది ఆగలేదు, కాచుకుని ఉంది. తర్వాత మిషన్ నమోదు చేసుకున్న వరుస తీసి చూశాను: నా కబురు, ఒక గింజ, ఆగడం. ఎంతో వినయంగా, చెప్పింది చెప్పినట్టే చేసింది.

పిన్నికి చూపుడువేలి పై కణుపు పోయింది. టెక్కలి ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని వస్తూ అడిగింది.

“తప్పు ఎవులిదిరా?”

“మిషన్‌దే పిన్నీ” అన్నాను.

ఎదురుచూస్తున్నప్పుడు కూడా పిలుపు అందేలా మర్నాడే సరిచేశాను. నాలుగు లైన్లు పట్టింది. నిజం మాత్రం పిన్నికి ఇప్పటికీ చెప్పలేదు. నా వంక ఎవరైనా అదోలా చూస్తే ఆమె ఊరుకోదు.

“మావోడు ఆగమనే సెప్పినాడు. అదే ఇన్లేదు” అంటుంది, మిగిలిన వేళ్లతో నాకు అన్నం వడ్డిస్తూ. నేను తలెత్తకుండా తింటాను.