పెరటి సందుల్లో పాయలకూర

ఎండాకాలం సాయంత్రం పెరట్లో నీళ్లు పెడుతుంటే, సిమెంటు పలకల సందుల్లోంచి పుల్లటి పచ్చివాసన లేస్తుంది. పాయలకూర. ఇక్కడివాళ్లు కలుపని పీకి పారేస్తారు. నేను కుళాయి కట్టేసి కాసేపు అక్కడే నిలబడిపోతాను. ఖాలిదా ఆపా పోయి అయిదేళ్లయింది.

మేము అడిలైడ్ వచ్చింది 1999 మొదట్లో. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని కంపెనీలు బెంబేలెత్తిన కాలం. ఆ తేదీలు సరిచేసే పనికే మావారిని పిలిపించారు. అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్న మాసన్ లేక్స్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. వచ్చిన వారానికే మా నాలుగేళ్ల నీరజ అన్నం మానేసింది. తెనాలిలో పాయలకూర పప్పు కలిపి పెడితే కంచం ఖాళీ చేసే పిల్ల, ఇక్కడి పాలకూరతో వండితే మన పప్పు కాదంటూ నోరు బిగించేది. బరువు తగ్గిందనీ, నెలలో మళ్లీ తీసుకురమ్మనీ క్లినిక్‌లో నర్సు చెప్పింది. ఆ రోజు నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. కాలేజీలో లెక్కలు చెప్పినదాన్ని కదా, పిల్ల తిన్న ప్రతి ముద్దా లెక్కపెట్టి సాయంత్రం మావారికి అప్పజెప్పేదాన్ని. ఆ లెక్క రోజురోజుకూ తగ్గిపోతుండేది.

ఖాలిదా ఆపాది హైదరాబాదు. అక్కా అనడానికి వాళ్ల మాటలోనే ఆపా అనేదాన్ని. యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పేది. మాకు రెండిళ్ల అవతల ఉండేది. ఒకరోజు మా ఇంటి ముందు నడిచి వెళ్తూ, నేను పిల్లను బతిమాలడం విని తలుపు తట్టింది. సంగతి విని, కిటికీలోంచి మా పెరడు చూసి నవ్వింది.

"ఇంట్ల ఇంత కుల్ఫా పెట్టుకొని దుకాణంల పాలకూర కొంటున్నవా?"

పెరట్లోకి వెళ్లి చూస్తే అది మా పాయలకూరే. ఆత్రంగా వంగి గుప్పెడు పీకాను. ఆపా నా చెయ్యి పట్టుకుని, అందులో ఒక కాడ తుంచి చూపించింది. తెల్లటి పాలు కారాయి. ఆ కాడ పాయలకూర కాదనీ, దాని మధ్యే మొలిచే వేరే మొక్క అనీ, అచ్చం దాని పోలికే ఉంటుందనీ, తింటే వాంతులవుతాయనీ చెప్పింది. గుప్పెట్లోది కింద పడేశాను. ఈ కూరే వద్దన్నాను. ఆపా విననట్టే కూర్చుని ఒక్కొక్క కాడా తుంచి చూసి బుట్టలో వేసింది. ముందు తానే ఒక ఆకు నమిలింది.

పప్పు వండి నీరజ ముందు పెట్టాను. ఎదురుగా కూర్చున్నాను.

"ఏం గొణుగుతున్నవ్?" అంది ఆపా.

"ముద్దలు లెక్కపెడుతున్నాను."

"పోలీసోని తీరు ముందట కూసుంటే బిడ్డ ఎట్ల తింటది, సుభద్రా? లే, బయటికి నడువు."

పెరట్లోకి లాక్కొచ్చి, ఇంటికి వీపు పెట్టి నిలబెట్టింది. పిల్ల తినదేమోనని ఒక భయం. తింటే, ఆ బుట్టలోకి పాలు కారే కాడ ఒక్కటైనా వచ్చి ఉంటుందేమోనని ఇంకో భయం. నేను తిరగబోతే మణికట్టు పట్టుకుంది.

"తిరగకు."

చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత బల్ల మీద స్టీలు కంచం జరిగిన చప్పుడు. ఆపైన వేళ్లతో కంచం అడుగు గీరుతున్న చప్పుడు. ఆపా అప్పటికీ నా చెయ్యి వదల్లేదు.

సాయంత్రం మావారు, ఈ పూట ఎన్ని ముద్దలని అడిగారు. తెలియదన్నాను. ఆయన నా మొహంలోకి వింతగా చూశారు.

ఇప్పుడు నీరజ తన కొడుకును మా దగ్గర వదిలి ఆఫీసుకు వెళ్తుంది. వాడి ముందు కంచం పెట్టి నేను పెరట్లోకి వచ్చేస్తాను. చెవులు మాత్రం ఇంట్లోనే ఉండిపోతాయి. వాటిని కూడా బయటికి తెచ్చుకోవడం ఎలాగో ఆపా నాకు నేర్పలేదు.