ఆయన పెట్టించిన వెలుగు

“కిటికీ మూస్తున్న. ఎండ నీ మొకం మీదనే కొడ్తాంది.”

“కొట్టనియ్యి.”

నేనూ నా పెనిమిటీ మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. ఇవాళ పొద్దున హైదరాబాదు నుంచి వచ్చిన నా కన్నబిడ్డ మంచం మీద కంప్యూటరు తెరిచి, “అవ్వా, తెర మీద ఎండ వడ్తాంది, కిటికీ మూయనా?” అని అడిగింది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్తాను, రాయమన్నాను. నాకు సంతకం గీయడం తప్ప రాత రాదు. గొంతు చూస్తే కంకర మిషను, రికార్డు చేసినా ఎవరికీ వినబుద్ధి కాదు. అందుకే నేను చెప్తున్నాను, అది రాస్తోంది.

ఇది తెలంగాణ రాకముందు సంగతి. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టరులో ఉండేవాళ్ళం. ఆయనది బాయి పని, భూమి కింద గనిలో బొగ్గు నింపడం. బిడ్డ డిగ్రీ వదిలేసి, చౌరస్తా దగ్గర మేడ మీద కంప్యూటరులో బొమ్మలు చేసే చదువుకు పోయేది. అందులోనూ దానికి లైటింగు మీద మనసు. కంప్యూటరులోనే ఒక గది కట్టి, వెలుగు ఎటునుంచి రావాలో, నీడ ఎటు పడాలో పెట్టడమట. “ఒక లైటు మొకానికి, ఒకటి నీడ మెత్తగయ్యేతందుకు, ఒకటి ఎన్కకెల్లి, మనిషి గోడల కలిసిపోకుంట” అని అది చెప్తే, “పెండ్లి వీడియోల లైటు వట్టుకునేటోనికి ఎవలు నేర్పిన్రే?” అన్నాను. ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

బాయి లోపల ఎట్లా ఉంటుందో ఆయన ఎన్నడూ చెప్పలేదు. మా లైనులో ఏ మగవాడూ చెప్పడు, ఏ ఆడదీ అడగదు. అడిగితే దిగేవాడి కాళ్ళు వణుకుతాయని మా భయం. అందుకని నా మనసులో నేనే ఒక బాయి కట్టుకున్నాను. కింద బజారు లాంటి తొవ్వ, రెండు దిక్కులా ట్యూబులైట్లు. వేళగాని వేళ సైరన్ మోగితే అందరితో పాటు గేటు దాకా ఉరికేదాన్ని. మిగిలిన పొద్దంతా ఆయన్ను ఆ ట్యూబులైట్ల కింద నిలబెట్టుకుని నా వంట నేను చేసుకునేదాన్ని.

పరీక్షకు మీకు తెలిసిన చోటు ఒకటి చేసుకురండి అన్నారట బిడ్డ చదువుకునే దగ్గర. ఇది బాయిని ఎంచుకుంది. నాకు తెలియకుండా వాళ్ళ బాపును అడిగి తెలుసుకుంది. ఒకనాడు ఆయన మొదటి షిఫ్టుకు పోయాక, ఇంట్లో కంప్యూటరు పెట్టి, “బొమ్మ గడులు గడులుగ దిగుతది, ముట్టకు” అని చెప్పి పక్కన కూర్చుంది. నేను చాటలో బియ్యం ఏరుతూ చూస్తున్నాను. ఒక గడి దిగింది, నలుపు. ఇంకొకటి, నలుపు. ఎంతసేపటికో ఒక టోపీ, దానికి చిన్న లైటు. ఆ వెలుగు చెయ్యి చాపినంత దూరం పోయి ఆగిపోయింది. మీద బండ. దాని కింద మనిషి నడుము వంచుకుని ఉన్నాడు. అంతే.

“ఎన్కకెల్లి లైటు ఏదే? మనిషి కానొస్తలేడు.”

“బాయిల ఎన్క లైటు ఉండదవ్వా. బొగ్గు ఎలుగును తాగుతదట. బాపే చెప్పిండు.”

చాట జారి బియ్యం నేలంతా అయింది. ఆయన వచ్చేదాకా గడపలోనే కూర్చున్నాను. వస్తూనే చెయ్యి పట్టుకుని, “రేపటి సంది పోకు, పైన పని అడుగు” అన్నాను. “అడుగకుంట ఉన్ననా? ఇయ్యలే” అన్నాడు. ఆనాటి నుంచి ఆయన గడప దాటితే నాకు ముద్ద దిగేది కాదు. కళ్ళు మూస్తే ఆ బండే మీదికి వచ్చేది. దవాఖానలో సూది వేస్తే నిద్ర పట్టింది కానీ బండ కదల్లేదు. ఆయన డ్యూటీకి బయల్దేరబోయి, నా మొహం చూసి, చెప్పుల దగ్గరే నిలబడిపోయేవాడు.

కొన్నాళ్ళకు ఇద్దరూ నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. అదే బాయి, అదే మనిషి. కానీ పెండ్లి పందిరి లెక్క లైట్లు. బండ ఎక్కడో ఎత్తున ఉంది. “మొన్నటిది తప్పు వడ్డదట. గిది అసలు బాయి” అన్నాడాయన. బిడ్డ తల ఎత్తలేదు.

అంత వెలుగుంటే టోపీకి లైటు ఎందుకయ్యా అని నోటి దాకా వచ్చింది. మింగాను. “గింత మంచిగుంటదా! నేను ఊకెనే ఫికరు వెట్టుకున్న” అన్నాను. మర్నాడు ఆయన నా దిక్కు చూసి, చెప్పులు తొడుక్కుని, ఈల వేసుకుంటూ పోయాడు. ఆ ఈల సందు మలుపు తిరిగేదాకా నవ్వు మొహంతో నిలబడి, తలుపు వేసుకుని కొంగు నోట్లో కుక్కుకున్నాను. రిటైరయ్యే దాకా ప్రతి షిఫ్టుకూ అంతే. బాయి ఆయన్ను ప్రతిసారీ పైకి పంపింది. చివరికి ఛాతీ రోగం తీసుకుపోయింది, ఈ మంచం మీద, ఈ కిటికీ కింద. ఎండ నుంచి మొహం తిప్పుకోలేదు.

ఇదిగో, బిడ్డ వేళ్ళు ఆగిపోయాయి. “నీకు ఎరికేనా అవ్వా? గన్నేండ్ల సంది?” అంటోంది. ఎరికే బిడ్డా. ఆ లైట్లు నువ్వు కష్టపడి పెట్టినవు, బాపు ముచ్చటపడి పెట్టించిండు, ఎట్ల కాదందును? అది సుత రాయి. ఆయన డ్యూటీ దిగి ఏండ్లయింది, నా భయమే ఇంకా పైకి రాలేదని రాయి.

రాసినవా? ఇగ మొదటికెల్లి సదువు, వింట. కిటికీ అట్లనే ఉండనియ్యి.